బిళ్ళ నిలబడితే

పాలకొల్లులో కలప అడితి వెనక సందు.
కాలవ వాసనా టేకు పొట్టు వాసనా
ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి.
గోనెపట్టా తీసి చూపించాడు మౌళేశ్వరరావు.
నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నదట ఆ జాలీరంపం.
పోత ఇనుము. పచ్చరంగు పెచ్చులు లేచిన చోట
ఇంకో పచ్చ, దాని కింద తుప్పు.
మా సముద్రపు గాలికి ఏ ఇనుమైనా అంతే,
బీరువా తాళమైనా, కుట్టుమిషనైనా.

ఎనిమిదివేలన్నాడు.
నేనేమీ అనకుండా చుట్టూ తిరిగాను.
గేదెను కొనేవాళ్ళు పళ్ళు చూస్తారు,
దీనికి ఏం చూడాలి?
పై చేతిని పట్టుకుని ఊపాను.
పాలపన్నులా కదిలింది, ఒక్క వెంట్రుకవాసి.
"బుష్షులండి, అరిగాయి, నూటయాభై అవుద్ది"
అడగకముందే చెప్పేశాడు.
మొలలున్న బ్లేడులే పడతాయట దీనికి,
రాజమండ్రి నుంచి డజను లెక్కన తెప్పించుకోవాలట.
పొట్టు ఊదే గొట్టం ఎప్పుడో పోయింది,
దాని బదులు ఆసుపత్రి సెలైను ట్యూబు,
చివర పెన్ను మూత.
నవ్వొచ్చింది. నవ్వితే బేరం చెడుతుందని
గోడ మీద బల్లి వైపు చూశాను.

ముప్పై ఒక్కేళ్ళు లేసు అల్లాను నరసాపురంలో.
శుక్లం తీశాక కుడికంటికి
తెల్లదారం మీద తెల్లదారం ఆనడం మానేసింది.
చెక్క మీద పెన్సిలు గీత మాత్రం
కాలవగట్టంత స్పష్టంగా కనిపిస్తుంది.
అనాసపండు డిజైను, నా చేతికి నిద్రలోనూ వచ్చేది,
మామిడిపలక మీద గీసి పెట్టుకున్నాను.
నూటనలభై రెండు కన్నాలు.
ప్రతి కన్నానికీ బ్లేడు విప్పాలి, లోపలికి దూర్చాలి,
మళ్ళీ బిగించాలి.
"ఓపికుండాలండోయ్" అన్నాడు మౌళేశ్వరరావు.
నాకా చెబుతున్నాడు!

ఓపిక కాదు నా భయం.
దారంలో కన్నమంటే దారం వెళ్ళని చోటు.
తప్పితే కొస పట్టుకు లాగితే చాలు,
రాత్రంతా అల్లింది ఉండగా చుట్టుకుని
ఒళ్ళోకి తిరిగొచ్చేస్తుంది.
చెక్కను ఎక్కడ పట్టుకు లాగను?

మోటారు వేశాడు.
ఐదురూపాయల బిళ్ళ అడిగి తీసుకుని
బల్ల మీద అంచున నిలబెట్టాడు.
పడింది.
మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ పడింది,
దొర్లుకుంటూ పొట్టులో దూరింది.
ఆయన ముఖం చూడలేక కిందికి చూశాను.
వెనక కాలు నేలకి ఆనలేదు.
నల్లమట్టి మీద పోసిన గచ్చు,
వానకి ఉబ్బి, వేసవికి నెర్రెలిచ్చి
ఏడాదికో వాలు తిరిగే నేల.
ఈ డెల్టాలో ఏ మంచమైనా
ఒక కాలికి పెంకుముక్క లేనిదే నిలబడిందా?
సంచిలో చేతికందిన కాగితం నాలుగు మడతలు పెట్టి
ఆ కాలి కింద తోశాను.

బిళ్ళ నిలబడింది.
వణుకుతూనే, ఆ రొదలోనే,
నేను ఇరవై లెక్కపెట్టేదాకా.

అయినా "రేపు చెబుతాను" అన్నాను. అలవాటు.
"ఆరువేలైదొందలు చేసుకోండి, ఆయ్" అన్నాడు
సందు మలుపు దాకా వెంటొచ్చి.
మేనల్లుడి దుకాణంలో కంప్యూటరు మిషనుందట,
తలుపుకి తలుపు పావుగంటలో కోసేస్తుందట.
అది చెబుతున్నప్పుడు మెచ్చుకోలుగానే చెప్పాడు,
చేతులు మాత్రం గోనెపట్టా మడుస్తూనే ఉన్నాయి.

స్టేషను మెట్ల దగ్గర సంచంతా వెతికాను.
కళ్ళజోడు డబ్బా, అరటిపళ్ళు,
సగం అల్లి వదిలేసిన పువ్వొకటి.
తిరుగు టికెట్టు లేదు.
అది దాని కాలి కిందుంది.
సందు దూరమేం కాదు, బండికి ఇంకా అరగంట.
వెళ్ళి తీసుకోవచ్చు,
కానీ తీస్తే మళ్ళీ ఊగుతుంది.

కౌంటర్లో చెయ్యి పెట్టి
ఇంకో టికెట్టు అడిగాను.